కిరణజన్య సంయోగక్రియ – శ్వాసక్రియ

జీవులు శక్తిని గ్రహించి, నిలవ చేసుకొని, అవసరమైనప్పుడు విడుదల చేసుకొనే జీవరసాయన ప్రక్రియలలో కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ ప్రధానమైనవి. పచ్చని మొక్కలు, శైవలాలు, కొన్ని బాక్టీరియాలు సూర్యకాంతి సహాయంతో కార్బన్ డై ఆక్సైడ్, నీరు వంటి సామాన్య పదార్థాల నుండి చక్కెరలను తయారు చేసుకోవడాన్ని కిరణజన్య సంయోగక్రియ అంటారు. ఆ చక్కెరలను, వాటి నుండి ఏర్పడిన ఇతర ఆహార పదార్థాలను కణాలలో ఆక్సీకరణం చేసి శక్తిని రాబట్టుకోవడాన్ని శ్వాసక్రియ అంటారు. మొదటి ప్రక్రియ కాంతిని గ్రహించగల జీవులకే పరిమితం. రెండవది మొక్కలు, జంతువులు, శిలీంధ్రాలు, అనేక సూక్ష్మజీవులలో రాత్రింబవళ్ళు జరుగుతూనే ఉంటుంది.

ఈ రెండింటి సమీకరణాలను పక్కపక్కన వ్రాస్తే ఒకటి రెండవదానికి తలక్రిందులుగా కనిపిస్తుంది. అందుచేత శ్వాసక్రియను కిరణజన్య సంయోగక్రియకు వ్యతిరేక చర్యగా పాఠాలలో చెప్పడం కద్దు. పదార్థాల లెక్క వరకు ఇది సరిపోతుంది, శక్తి లెక్కకు సరిపోదు. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు ఈ రెండు ప్రక్రియల మధ్య చక్రంలా తిరుగుతాయి. శక్తి మాత్రం సూర్యుని నుండి వచ్చి, జీవుల గుండా ప్రవహించి, చివరకు వేడిగా మారి వెళ్ళిపోతుంది. అందువలన జీవలోకానికి ప్రతిదినమూ కొత్త కాంతి కావాలి.

పేర్లు, సమీకరణాలు

"కిరణజన్య" అంటే కిరణాల వలన పుట్టినది. "సంయోగక్రియ" అంటే చిన్న అణువులు కూడి పెద్ద అణువుగా ఏర్పడే చర్య. "శ్వాసక్రియ" అనే మాటకు వాడుకలో రెండర్థాలున్నాయి. ఊపిరి పీల్చి విడవడం ఒకటి, కణాలలో ఆహారం ఆక్సీకరణం చెందడం మరొకటి. రెండవదానిని ప్రత్యేకించి కణ శ్వాసక్రియ అంటారు. ఈ వ్యాసంలో శ్వాసక్రియ అంటే కణ శ్వాసక్రియ అనే గ్రహించాలి.

కిరణజన్య సంయోగక్రియ:
6 కార్బన్ డై ఆక్సైడ్ + 12 నీరు + కాంతి శక్తి → 1 గ్లూకోజ్ + 6 ఆక్సిజన్ + 6 నీరు

వాయుసహిత శ్వాసక్రియ:
1 గ్లూకోజ్ + 6 ఆక్సిజన్ + 6 నీరు → 6 కార్బన్ డై ఆక్సైడ్ + 12 నీరు + శక్తి

రెండువైపులా ఉన్న నీటిని కొట్టివేసి 6 అణువులుగా వ్రాయవచ్చు కదా అనే సందేహం విద్యార్థులకు రావడం సహజం. విడుదలయ్యే 6 ఆక్సిజన్ అణువులలోని 12 పరమాణువులూ నీటి నుండే వస్తాయి. అందుకు 12 నీటి అణువులు విడిపోవాలి. కుడివైపున ఉన్న 6 నీటి అణువులు చర్యలో కొత్తగా ఏర్పడినవి. ఈ సంగతి తెలియడానికే వందేళ్ళకు పైగా పట్టింది.

ఒక మోల్ గ్లూకోజ్, అనగా 180 గ్రాములు, పూర్తిగా ఆక్సీకరణం చెందినప్పుడు సుమారు 686 కిలో కాలరీల (2,870 కిలో జౌళ్ళ) శక్తి వెలువడుతుంది.

పరిశోధనల చరిత్ర

మొక్క తన శరీరాన్ని మట్టి నుండి నిర్మించుకుంటుందని ప్రాచీనులు భావించేవారు. బెల్జియం ప్రాంతానికి చెందిన వాన్ హెల్మాంట్ దీనిని తూకం వేసి పరీక్షించాడు. 200 పౌండ్ల ఎండిన మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, అయిదేళ్ళపాటు నీరు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లు దాటింది. మట్టి మాత్రం 2 ఔన్సులే తగ్గింది. చెట్టంతా నీటి నుండే పుట్టిందని అతడు నిర్ధారించాడు. అతని మరణానంతరం 1648లో ఈ ఫలితం అచ్చయింది. మట్టిని తూచిన హెల్మాంట్ గాలిని లెక్కలోకి తీసుకోలేదు. మొక్కలు కొంత ఆహారాన్ని గాలి నుండి తీసుకుంటాయని 1727లో ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్ సూచించాడు.

1771లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ, కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా రెమ్మను ఉంచాడు. కొద్ది రోజుల తరువాత అదే గాలిలో మరొక కొవ్వొత్తి చక్కగా మండింది. మండడం వలన, ప్రాణుల ఊపిరి వలన "చెడిన" గాలిని మొక్కలు బాగుచేస్తాయని దీనివలన తెలిసింది. అయితే ఈ ప్రయోగం అన్నిసార్లూ ఫలించలేదు. కారణాన్ని 1779లో డచ్చి వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌజ్ కనుగొన్నాడు. గాలిని బాగుచేసేవి మొక్కలోని ఆకుపచ్చని భాగాలు మాత్రమేననీ, అదీ వెలుతురులోనేననీ, చీకటిలో మొక్కలు కూడా జంతువుల వలెనే గాలిని చెడగొడతాయనీ అతడు చూపించాడు. ఒకే మొక్కలో రెండు ప్రక్రియలూ ఉన్నాయన్న విషయం ఈ విధంగా తొలిసారి బయటపడింది.

1782లో జెనీవాకు చెందిన సెనెబియే మొక్కలు కార్బన్ డై ఆక్సైడును వినియోగించుకుంటాయని చెప్పాడు. 1804లో అదే నగరానికి చెందిన దె సోష్యూర్, మొక్క బరువు పెరుగుదలలో నీటికి కూడా భాగముందని కొలతలతో నిరూపించాడు. 1845లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ మేయర్, మొక్కలు కాంతి శక్తిని రసాయన శక్తిగా మారుస్తాయని శక్తి నిత్యత్వ సూత్రం ఆధారంగా వివరించాడు. 1860ల్లో జూలియస్ సాక్స్, వెలుతురు తగిలిన హరితరేణువులలో పిండిపదార్థం ఏర్పడుతుందని కనుగొన్నాడు.

శ్వాసక్రియ చరిత్ర ఫ్రాన్సులో మొదలవుతుంది. 1780ల్లో లవోయిజర్, లాప్లాస్ అనే శాస్త్రజ్ఞులు ఒక గినీపందిని మంచుతో చుట్టిన పాత్రలో ఉంచారు. దాని వేడికి ఎంత మంచు కరిగిందో, అది ఎంత కార్బన్ డై ఆక్సైడును వదిలిందో కొలిచారు. బొగ్గు మండినప్పుడు వచ్చే ఫలితంతో ఆ కొలతలు దాదాపు సరిపోయాయి. శ్వాసక్రియ అంటే మంట లేని, నెమ్మదైన దహనమని లవోయిజర్ నిర్ధారించాడు. ఆ దహనం ఊపిరితిత్తులలో జరుగుతుందని అతడు భావించాడు. అది శరీరంలోని ప్రతి కణంలోనూ జరుగుతుందని తరువాతి శతాబ్దంలో స్పష్టమైంది.

ఆక్సిజన్ ఎక్కడి నుండి వస్తుంది?

కార్బన్ డై ఆక్సైడ్ విడిపోయి, దానిలోని ఆక్సిజనే గాలిలోకి వస్తుందని చాలాకాలం నమ్మారు. గంధక బాక్టీరియాలు ఈ నమ్మకాన్ని కదిలించాయి. ఈ బాక్టీరియాలు నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడును వాడుకొని, ఆక్సిజనుకు బదులు గంధకాన్ని వదులుతాయి. వీటిలో గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్ నుండి వస్తున్నదంటే, మొక్కలలో ఆక్సిజన్ నీటి నుండి రావాలని 1930ల తొలినాళ్ళలో వాన్ నీల్ తర్కించాడు. ఆ దశాబ్దం చివరలో రాబర్ట్ హిల్, ఆకు నుండి వేరుచేసిన హరితరేణువులు తగిన ఎలక్ట్రాన్ గ్రాహకం ఉంటే కార్బన్ డై ఆక్సైడ్ ప్రమేయం లేకుండానే కాంతిలో ఆక్సిజనును వెలువరించగలవని చూపాడు. దీనికి హిల్ చర్య అని పేరు. 1941లో రూబెన్, కామెన్, వారి సహచరులు బరువైన ఆక్సిజన్ (ఆక్సిజన్-18) కలిగిన నీటిని శైవలాలకు ఇచ్చి పరీక్షించారు. వెలువడిన ఆక్సిజన్ నీటిలోని ఆక్సిజనునే పోలి ఉన్నది.

మనం పీల్చే ఆక్సిజన్ ఒకప్పుడు నీటిలో ఉన్నది. శ్వాసక్రియలో అది హైడ్రోజనుతో కలిసి తిరిగి నీరుగా మారుతుంది. మనం విడిచే కార్బన్ డై ఆక్సైడులోని కార్బన్ తిన్న ఆహారానిది.

కిరణజన్య సంయోగక్రియ జరిగే తీరు

హరితరేణువు: మొక్కలలో ఈ ప్రక్రియ హరితరేణువులలో జరుగుతుంది. వీటిలోపల థైలకాయిడ్లు అనే చదునైన సంచులు నాణేల దొంతర వలె పేర్చబడి ఉంటాయి. ఈ దొంతరలను గ్రానా అనీ, చుట్టూ ఉండే ద్రవభాగాన్ని అవర్ణిక అనీ అంటారు. థైలకాయిడ్ పొరలో పత్రహరితం ఉంటుంది. పత్రహరితం అణువు మధ్యలో మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. ఇది ఎరుపు, నీలం కాంతులను ఎక్కువగా, ఆకుపచ్చ కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది. అందువలన ఆకులు పచ్చగా కనిపిస్తాయి. 1880ల్లో ఎంగెల్‌మన్, ఒక శైవలంపై పట్టకం గుండా రంగుల కాంతిని ప్రసరింపజేశాడు. ఆక్సిజనును కోరే బాక్టీరియాలు ఎరుపు, నీలం కాంతులు పడిన చోట్ల గుమిగూడాయి.

కాంతి చర్య: ఇది థైలకాయిడ్ పొరలో జరుగుతుంది. కాంతి శక్తి వలన పత్రహరితంలోని ఒక ఎలక్ట్రాన్ పై స్థాయికి చేరి మరొక అణువుకు బదిలీ అవుతుంది. అలా ఏర్పడిన ఖాళీని పూరించడానికి నీటి అణువులు విడిపోయి ఎలక్ట్రాన్లను ఇస్తాయి. నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం పరమాణువుల గుచ్ఛం ఈ పనికి తోడ్పడుతుంది. నీటి నుండి ఆక్సిజన్ బయటకు పోతుంది, ప్రోటాన్లు థైలకాయిడ్ లోపల చేరుతాయి. ఎలక్ట్రాన్లు రెండు కాంతి వ్యవస్థల గుండా, రెండుసార్లు కాంతి ఊతం పొంది, చివరకు ఎన్‌ఏడీపీ అనే వాహకాన్ని చేరి దానిని ఎన్‌ఏడీపీహెచ్‌గా మారుస్తాయి. ఈ ప్రయాణంలో మరికొన్ని ప్రోటాన్లు కూడా లోపలికి చేరుతాయి. ఆ ప్రోటాన్లు వెలుపలికి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది.

నిష్కాంతి చర్య: ఇది అవర్ణికలో జరుగుతుంది. దీనికి కాంతి నేరుగా అవసరం లేదని ఈ పేరు పెట్టారు. కాంతి చర్యలో తయారైన ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్‌లే దీనికి ఆధారం కాబట్టి సాధారణ మొక్కలలో ఇది కూడా పగటిపూటే జరుగుతుంది. ఇందులో రూబిస్కో అనే ఎంజైము కార్బన్ డై ఆక్సైడును అయిదు కార్బన్ల చక్కెరకు కలుపుతుంది. వెంటనే మూడు కార్బన్ల ఆమ్లం అణువులు రెండు ఏర్పడతాయి. వీటి నుండి చక్కెర తయారై, అయిదు కార్బన్ల చక్కెర మళ్ళీ పుట్టి, వలయం పూర్తవుతుంది. ఒక గ్లూకోజ్ అణువుకు సరిపడే కార్బనును స్థాపించడానికి 18 ఏటీపీలు, 12 ఎన్‌ఏడీపీహెచ్‌లు ఖర్చవుతాయి. రేడియోధార్మిక కార్బన్-14 సహాయంతో కాల్విన్, బెన్సన్, బాషమ్ ఈ మార్గాన్ని కనుగొన్నారు. కాల్విన్‌కు 1961లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. దీనిని కాల్విన్ వలయం లేదా కాల్విన్-బెన్సన్ వలయం అంటారు.

వరి, చెరకు, రణపాల

రూబిస్కోకు ఒక బలహీనత ఉంది. కార్బన్ డై ఆక్సైడుకు బదులు అప్పుడప్పుడు ఆక్సిజనును పట్టుకుంటుంది. అప్పుడు చక్కెర తయారు కాకపోగా, అంతకుముందు స్థాపించిన కార్బనులో కొంత తిరిగి గాలిలో కలుస్తుంది. దీనిని కాంతి శ్వాసక్రియ అంటారు. ఎండ పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. వరి, గోధుమ, వేరుశనగ వంటి పైరులలో ఈ నష్టం గణనీయంగా ఉంటుంది. మొదట ఏర్పడే పదార్థంలో మూడు కార్బన్లు ఉండడం వలన వీటిని సి3 మొక్కలంటారు.

చెరకు, మొక్కజొన్న, జొన్న, సజ్జ, రాగి, కొర్ర సి4 మొక్కలు. ఇవి మొదట కార్బన్ డై ఆక్సైడును నాలుగు కార్బన్ల ఆమ్లంగా పట్టుకొని, ఆకు లోపలి ప్రత్యేక కణాలకు చేరవేసి, అక్కడ రూబిస్కో చుట్టూ దానిని దట్టంగా విడుదల చేస్తాయి. ఆక్సిజనుకు అవకాశం దాదాపు ఉండదు. 1960ల్లో చెరకుపై జరిగిన పరిశోధనలతో, ముఖ్యంగా ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్‌ల కృషితో ఈ మార్గం వెల్లడైంది. నీరు తక్కువగా, ఎండ ఎక్కువగా ఉండే మెట్టచేలలో జొన్న, సజ్జ నిలదొక్కుకోవడానికి గల కారణాలలో ఇది ఒకటి. సి3 మొక్కలు తమపై పడే సూర్యశక్తిలో సిద్ధాంతరీత్యా గరిష్ఠంగా సుమారు 4.6 శాతాన్నీ, సి4 మొక్కలు సుమారు 6 శాతాన్నీ నిలవ చేయగలవు. పొలాలలో పండే పైరులు సాధారణంగా అందులో కొంతభాగాన్నే సాధిస్తాయి.

బ్రహ్మజెముడు, అనాస, రణపాల వంటి మొక్కలది మూడవ పద్ధతి. పగలు పత్రరంధ్రాలు తెరిస్తే నీరు ఆవిరైపోతుంది కనుక ఇవి రాత్రిపూట వాటిని తెరిచి, కార్బన్ డై ఆక్సైడును ఆమ్లంగా నిలవచేసుకుంటాయి. పగలు రంధ్రాలు మూసుకొని, కాంతి సహాయంతో ఆ నిలవనుండి చక్కెరను తయారు చేస్తాయి. దీనిని ఆధునిక శాస్త్రానికి పరిచయం చేసిన తొలి పరిశీలనలలో ఒకటి మన దేశంలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞునిది. రాక్స్‌బర్గ్ తరువాత సామర్లకోట లోని ఈస్టిండియా కంపెనీ తోట బాధ్యతలను చూసిన బెంజమిన్ హైన్, రణపాల ఆకు ఉదయం పుల్లగానూ, మధ్యాహ్నానికి చప్పగానూ ఉంటుందని గమనించి లండనులోని లిన్నేయన్ సొసైటీకి వ్రాశాడు. ఆ లేఖ 1815లో అచ్చయింది.

శ్వాసక్రియ జరిగే తీరు

గ్లైకాలసిస్: ఇది కణద్రవ్యంలో జరుగుతుంది. పది మెట్లలో ఒక గ్లూకోజ్ అణువు రెండు పైరూవిక్ ఆమ్ల అణువులుగా విడిపోతుంది. దీనికి ఆక్సిజన్ అక్కరలేదు. నికరంగా రెండు ఏటీపీలు మాత్రమే లభిస్తాయి. జీవం లేని ఈస్టు రసం కూడా చక్కెరను పులియబెట్టగలదని 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ చూపడంతో ఈ మెట్లను ఒక్కొక్కటిగా కనుగొనే మార్గం తెరుచుకుంది.

క్రెబ్స్ వలయం: ఆక్సిజన్ లభించే కణాలలో పైరూవిక్ ఆమ్లం మైటోకాండ్రియా లోనికి వెళ్ళి, ఒక కార్బనును కోల్పోయి, క్రెబ్స్ వలయంలో ప్రవేశిస్తుంది. మిగిలిన కార్బన్లు ఇక్కడ కార్బన్ డై ఆక్సైడుగా వెలువడతాయి. ఎలక్ట్రాన్లను ఎన్‌ఏడీహెచ్ మొదలైన వాహకాలు తీసుకుపోతాయి. హాన్స్ క్రెబ్స్ 1937లో దీనిని ప్రతిపాదించాడు. ఆయన పంపిన లేఖను "నేచర్" పత్రిక అప్పట్లో ప్రచురించలేదు. 1953లో అదే కృషికి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఎలక్ట్రాన్ రవాణా: వాహకాలు తెచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో ఉన్న ప్రోటీన్ల వరుస గుండా మెట్టు మెట్టుగా దిగి, చివరకు ఆక్సిజనును చేరతాయి. ఆక్సిజన్ నీరుగా మారుతుంది. అధికభాగం ఏటీపీ తయారయ్యేది ఈ దశలోనే. ఒక గ్లూకోజ్ అణువుకు 36 లేదా 38 ఏటీపీలని పాత పుస్తకాలలో ఉండేది. నేటి లెక్క ప్రకారం సుమారు 30 నుండి 32 మాత్రమే. గ్లూకోజ్ శక్తిలో ప్రామాణిక పరిస్థితుల లెక్కన సుమారు మూడో వంతు ఏటీపీలో నిలుస్తుంది. మిగిలినది వేడిగా పోతుంది. మన ఒంటి వెచ్చదనానికి ఆ వేడే మూలం.

కిణ్వనం: ఆక్సిజన్ లేనప్పుడు అనేక జీవులు గ్లైకాలసిస్‌తోనే సరిపెట్టుకుంటాయి. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డై ఆక్సైడుగా మారుస్తుంది. తాటికల్లు పులిసి నురగెత్తడానికి ఇదే కారణం. పాలు తోడుకోవడంలో బాక్టీరియాలు లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తాయి. ఇడ్లీ పిండి పొంగడం కూడా బాక్టీరియాలు వదిలే వాయువు వలననే. వేగంగా పరుగెత్తేవారి కండరాలలో కూడా లాక్టిక్ ఆమ్లం ఏర్పడుతుంది.

ఏటీపీ, యల్లాప్రగడ సుబ్బారావు

ఏటీపీ పూర్తి పేరు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్. దీనిలో మూడు ఫాస్ఫేటులు వరుసగా ఉంటాయి. చివరి ఫాస్ఫేటు విడిపోయినప్పుడు లభించే శక్తితో కండరం ముడుచుకోవడం, నాడి స్పందించడం, ప్రోటీను తయారీ వంటి పనులు జరుగుతాయి. ప్రామాణిక పరిస్థితులలో ఈ శక్తి మోలుకు సుమారు 7.3 కిలో కాలరీలు.

కండరానికి శక్తినిచ్చేది లాక్టిక్ ఆమ్లం తయారీయేనని 1920ల్లో ప్రబలమైన అభిప్రాయం ఉండేది. కండర పరిశోధనలకే 1922 నోబెల్ బహుమతి హిల్, మేయర్‌హాఫ్‌లకు లభించింది. ఆ రోజులలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ వద్ద పనిచేస్తున్నాడు. రక్తంలోనూ, కణజాలంలోనూ ఉన్న ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వ్యాపించింది. ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షించి వారు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నాడు. లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండానే కండరం ముడుచుకోగలదని 1930లో లుండ్స్‌గార్డ్ చూపడంతో పాత అభిప్రాయం వీగిపోయింది. ఏటీపీ కణాలన్నింటికీ ఉమ్మడి శక్తివాహకమని 1941లో లిప్మన్ వివరించాడు.

ఏటీపీ నిలవ ఉండే ధనం కాదు, చేతులు మారే చిల్లర వంటిది. దీనిని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. రోజుకు 2,000 కిలో కాలరీల ఆహారమంతా గ్లూకోజే అనుకుంటే అది సుమారు 2.9 మోల్‌లు. మోలుకు 30 చొప్పున 87 మోల్‌ల ఏటీపీ తయారవుతుంది. ఒక మోల్ ఏటీపీ బరువు 507 గ్రాములు కనుక మొత్తం సుమారు 44 కిలోలు. శరీరంలో ఏ క్షణంలోనైనా ఉండే ఏటీపీ దీనిలో అత్యల్పభాగం మాత్రమే. అదే ఏటీపీ రోజులో ఎన్నో వందలసార్లు విడిపోయి, తిరిగి తయారవుతుంది.

రెండింటికీ ఒకే యంత్రం

ఎలక్ట్రాన్లు ప్రవహించినప్పుడు ఏటీపీ ఎలా తయారవుతుందన్నది చాలాకాలం తేలలేదు. 1961లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పీటర్ మిచెల్ ఒక కొత్త ఊహను ముందుంచాడు. ఎలక్ట్రాన్ల ప్రవాహం ప్రోటాన్లను పొరకు ఒకవైపు చేరవేస్తుందనీ, ఆనకట్ట వెనుక నిలిచిన నీటి వలె ఆ ప్రోటాన్లు తిరిగి ఇవతలికి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుందనీ ఆయన చెప్పాడు. చాలామంది దీనిని వెంటనే అంగీకరించలేదు. 1966లో జాగెన్‌డార్ఫ్, ఉరీబే అనే శాస్త్రజ్ఞులు థైలకాయిడ్లను చీకటిలో ఆమ్ల ద్రావణంలో నానబెట్టి, తరువాత క్షార ద్రావణంలోకి మార్చారు. కాంతి ఏమాత్రం లేకుండానే ఏటీపీ తయారయింది. మిచెల్‌కు 1978లో నోబెల్ బహుమతి వచ్చింది.

ప్రోటాన్లు వచ్చే ద్వారం ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము. ప్రోటాన్ల ప్రవాహానికి ఇది జలవిద్యుత్ కేంద్రంలోని టర్బైను వలె తిరుగుతుంది. 1997లో జపాను శాస్త్రజ్ఞులు ఈ ఎంజైములోని ఇరుసు తిరగడాన్ని సూక్ష్మదర్శినిలో ప్రత్యక్షంగా చూపారు. అదే ఏడాది దీని పనితీరును వివరించిన బోయర్, వాకర్‌లు నోబెల్ బహుమతిలో భాగం పొందారు. హరితరేణువులోనూ, మైటోకాండ్రియాలోనూ ఉన్నది ఒకే కోవకు చెందిన యంత్రం. ఈ రెండు కణాంగాలూ ఒకప్పుడు స్వతంత్ర బాక్టీరియాలనీ, మరొక కణంలో చేరి స్థిరపడ్డాయనీ నేడు శాస్త్రజ్ఞులు అంగీకరిస్తున్నారు. రెండింటికీ సొంత డీఎన్ఏ ఉండడం ఇందుకు ఒక సాక్ష్యం.

ఈ యంత్రాన్ని అడ్డుకొనే విషాలు

ఈ ప్రక్రియలు ఎంత ప్రాణాధారమైనవో విషాల వలన తెలుస్తుంది. సైనైడ్ ఎలక్ట్రాన్ రవాణాలోని చివరి మెట్టును మూసివేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణాలు దానిని వాడుకోలేవు. డైనైట్రోఫినాల్ అనే రసాయనం ప్రోటాన్లను ఏటీపీ సింథేజ్ గుండా కాక పొరలోనుండి జారవిడుస్తుంది. ఆహారం ఖర్చవుతుంది, ఏటీపీ తయారు కాదు, శరీరం విపరీతంగా వేడెక్కుతుంది. 1930ల్లో అమెరికాలో దీనిని బరువు తగ్గించే మందుగా ఇచ్చారు. మరణాలు సంభవించడంతో 1938లో ఆ వాడకం ఆగిపోయింది. పసిపిల్లల గోధుమరంగు కొవ్వులో ఇటువంటి జారుడే అదుపులో జరిగి, వారిని వెచ్చగా ఉంచుతుంది.

పారాక్వాట్ అనే గడ్డి మందు హరితరేణువులోని ఎలక్ట్రాన్లను దారి మళ్ళించి ఆక్సిజనుకు అందిస్తుంది. ఫలితంగా పుట్టే తీవ్రమైన ఆక్సీకారకాలు ఆకును మాడ్చివేస్తాయి. మనిషి శరీరంలో ప్రవేశిస్తే ఇదే చర్య ఊపిరితిత్తులలో, మూత్రపిండాలలో జరుగుతుంది. దీనికి నిర్దిష్టమైన విరుగుడు లేదు. కనుక దీనిని ఇంటిలో నిలవ ఉంచడం, వేరే సీసాలలోకి మార్చడం చాలా ప్రమాదకరం.

భూమి స్థాయిలో

సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం వరకు భూమి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. నీటిని విడదీయడం నేర్చిన సయనోబాక్టీరియాల వలన అది గాలిలో చేరడం మొదలైంది. నేడు గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంది. సముద్రాలూ భూభాగమూ కలిసి ఏడాదికి సుమారు 10,000 కోట్ల టన్నుల కార్బనును కిరణజన్య సంయోగక్రియ ద్వారా స్థాపిస్తాయని అంచనా. దీనిలో దాదాపు సగం సముద్రాలలోని సూక్ష్మజీవులది. ఇందులో చాలా భాగం శ్వాసక్రియ వలన, కుళ్ళడం వలన తిరిగి గాలిలో చేరుతుంది.

1958లో హవాయి దీవులలోని మౌనా లోవా వద్ద చార్లెస్ కీలింగ్ కార్బన్ డై ఆక్సైడును నిరంతరంగా కొలవడం ప్రారంభించాడు. ఉత్తరార్ధగోళంలో వేసవి వచ్చి చెట్లు చిగురించినప్పుడు అది తగ్గుతుంది, శీతకాలంలో శ్వాసక్రియది పైచేయి అయినప్పుడు పెరుగుతుంది. ఈ వార్షిక హెచ్చుతగ్గులతోపాటు ఏటేటా పెరుగుదల కూడా కనిపించింది. 1958లో పదిలక్షల పాళ్ళకు 315 పాళ్ళుగా ఉన్నది 2024 నాటికి 420 పాళ్ళు దాటింది. దీనికి ముఖ్యకారణం బొగ్గు, చమురుల దహనం. సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏళ్ళకు పైబడిన అడవులది. శ్వాసక్రియకు చిక్కకుండా భూమిలో దాగిన ఆ కార్బనును మనం కొద్ది తరాలలోనే గాలిలోకి వదులుతున్నాము. దానిని తిరిగి స్థాపించే పని చెట్లు అంత వేగంగా చేయలేవు.

సూర్యకాంతి అందని చోట కూడా జీవం ఉంది. 1977లో గలపగోస్ దీవుల సమీపంలో సముద్రగర్భపు వేడినీటి ఊటల వద్ద, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి పదార్థాల ఆక్సీకరణంతో బ్రతికే బాక్టీరియాలపై ఆధారపడిన జీవజాలం కనిపించింది. దీనిని రసాయన సంశ్లేషణ అంటారు.

సాధారణ అపోహలు

* "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి": శ్వాసక్రియ పగలు కూడా జరుగుతుంది. ఎండలో మొదటిది ఎక్కువ కాబట్టి రెండవది పైకి కనిపించదు.
* "రాత్రి చెట్టు కింద పడుకుంటే ఊపిరాడదు": చెట్టు రాత్రి వదిలే కార్బన్ డై ఆక్సైడ్ ఆరుబయట గాలిలో వెంటనే కలిసిపోతుంది. గదిలో కుండీ మొక్క వదిలే దానికన్నా పక్కన నిద్రించే మనిషి వదిలేదే చాలా ఎక్కువ.
* "రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుంది": నీరు విడిపోవడానికి కాంతి తప్పనిసరి. రాత్రి పత్రరంధ్రాలు తెరిచే మొక్కలు కూడా ఆ సమయంలో ఆక్సిజనును తయారు చేయవు.
* "చెట్టు మట్టిని తిని పెరుగుతుంది": ఎండిన కలప బరువులో అత్యధికభాగం గాలి నుండి, నీటి నుండి వచ్చినదే. మట్టి నుండి వచ్చే లవణాలు కొద్దిపాటివే అయినా అత్యవసరం.

విద్యార్థులకు కొన్ని ప్రయోగాలు

* కుండీలోని మొక్కను రెండు రోజులు చీకటిలో ఉంచి, ఒక ఆకులో కొంతభాగానికి నల్లకాగితం కప్పి ఎండలో పెట్టాలి. కొన్ని గంటల తరువాత ఆ ఆకును నీటిలోనూ, పిదప ఆల్కహాలులోనూ ఉడికించి అయోడిన్ వేయాలి. వెలుతురు తగిలిన భాగమే నల్లబడుతుంది. ఆల్కహాలును నేరుగా మంటపై పెట్టరాదు, వేడినీటి పాత్రలో ఉంచి ఉపాధ్యాయుని సమక్షంలో చేయాలి.
* నీటిలో హైడ్రిల్లా మొక్కపై గరాటును, దానిపై నీటితో నింపిన పరీక్షనాళికను బోర్లించి ఎండలో ఉంచితే బుడగలు వస్తాయి. వాటి వేగాన్ని ఎండలో, నీడలో లెక్కించి పోల్చవచ్చు. జగదీశ్ చంద్ర బోస్ కూడా హైడ్రిల్లాతో పరిశోధనలు చేసి 1924లో కిరణజన్య సంయోగక్రియపై గ్రంథం ప్రచురించాడు.
* మొలకెత్తుతున్న పెసలను ఒక థర్మాస్ ఫ్లాస్కులో, ఉడికించి చల్లార్చిన పెసలను మరొకదానిలో వేసి ఉష్ణోగ్రతలను చూడాలి. మొదటిది వేడెక్కుతుంది. తడిసిన ధాన్యం రాశి లోపల వేడెక్కడానికి గింజలు, బూజుల శ్వాసక్రియే కారణం. ధాన్యాన్ని ఎండబెట్టి నిలవచేయడంలోని రహస్యం ఇదే.
* తేట సున్నపు నీటిలోకి గొట్టంతో ఊదితే అది పాలవలె తెల్లబడుతుంది. నిశ్వాసంలో కార్బన్ డై ఆక్సైడ్ ఉందనడానికి ఇది నిదర్శనం.

ఇవి కూడా చూడండి

* పత్రహరితం
* మైటోకాండ్రియా
* కిణ్వనం
* కార్బన్ చక్రం
* యల్లాప్రగడ సుబ్బారావు